కరివేపాకు చెట్టు దగ్గర మొదలైన చదువు

ప్రశ్న: మాది హనుమకొండ. నేను డిగ్రీ చదివి ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయనకు ఎలక్ట్రికల్ సామాను దుకాణం ఉంది. మా పాపకు పదకొండేళ్ళు, ఆరో తరగతి పూర్తయింది. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఐదున్నరకు వస్తుంది. ఒక పరీక్షలో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కు మార్చారు. అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం కాగానే కడుపునొప్పి అంటుంది. కానీ మా పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర గంటలకొద్దీ కూర్చుని గొంగళిపురుగులను చూస్తుంది, బొమ్మలు వేస్తుంది. పిల్లలు ఇంట్లోనే, వాళ్ళకు ఇష్టమైన దాని వెంట వెళ్తూ నేర్చుకునే పద్ధతి గురించి చదివాను. పాప కూడా సరే అంటోంది. ఏడేళ్ళ బాబుకు మాత్రం బడి అంటే ఇష్టం. మా ఆయన ‘ఇది విదేశీ పిచ్చి, పదో తరగతి లేకపోతే రేపు ఏం చేస్తుంది?’ అంటున్నారు. మా అత్తమ్మ ‘ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడతావా?’ అని ఏడ్చింది. ఇది చట్టానికి విరుద్ధమా? నేను తప్పు చేస్తున్నానా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో చట్టం మాట, పదో తరగతి మాట తర్వాత చూద్దాం. ముందు ఆదివారం సాయంత్రం కడుపునొప్పి సంగతి. పిల్లల కడుపునొప్పిని నాటకం అనుకోకండి. భయం వల్ల వచ్చినా అది నిజమైన నొప్పే. ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే, అవసరమైతే మానసిక నిపుణుల దగ్గరకు కూడా తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఒక సెలవు రోజున, ఇంట్లో మరెవరూ లేనప్పుడు, పాపను ఈ ఒక్క మాట అడగండి: ‘నీకు ఆ బడి వద్దా, బడే వద్దా?’

ఈ రెండింటికీ తేడా ఉంది. నేను పన్నెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఆ తర్వాత మా అబ్బాయిని ఆరేళ్ళు ఇంట్లో చదివించాను. బడి మీద కోపంతో పిల్లలను మాన్పించిన తల్లిదండ్రులను కొందరిని దగ్గర నుంచి చూశాను. కోపం మూడు నెలల్లో చల్లారుతుంది. ఆ తర్వాత పొద్దున తొమ్మిది గంటలకు పిల్ల ఎదురుగా కూర్చుని ‘ఇప్పుడేం చేద్దాం?’ అని అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. మీ పాపకు కావలసింది తక్కువ పిల్లలతో, తక్కువ గంటలతో, మార్కులను బట్టి సెక్షన్లు మార్చని ఒక బడి మాత్రమే అయితే, అలాంటి బడి కోసం వెతకండి. ఇంటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళి అక్కడి ఉపాధ్యాయులతో మాట్లాడండి. ఆ ఒక్క మార్పుతో నొప్పి పోతే మీ ఇంట్లో ఇంత గొడవ అక్కరలేదు. మీరు అడిగినది ఇది కాదని తెలుసు. అయినా ఈ మాట చెప్పకుండా మిగతాది చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

పాప ‘బడే వద్దు, ఇంట్లోనే’ అంటే, ఇక మిగతాది మాట్లాడుకుందాం.

మీరు చదివిన పద్ధతికి అమెరికా ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ 1977లో ‘అన్‌స్కూలింగ్’ అని పేరు పెట్టాడు. ఇంట్లో పాఠ్యపుస్తకాలు పెట్టుకుని టైంటేబుల్ ప్రకారం చెప్పేది హోమ్ స్కూలింగ్ అయితే, పిల్లల ఆసక్తి ముందు నడుస్తుంటే దాని వెనకాల మనం నడిచేది ఇది. మీ వారు అన్నట్టు పేరు విదేశీదే. పని మాత్రం మనకు కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ముఖలింగం శాసనాలను తనంతట తాను చదవడం నేర్చుకున్నారు. సవర గిరిజనుల భాష మీద మనసు పడి, నేర్చుకుని, దానికి నిఘంటువు తయారు చేశారు. ఆ పని చేయమని ఆయనకు ఎవరూ హోంవర్కు ఇవ్వలేదు. అయితే ఆయన పరీక్షలు కూడా రాశారు. ఈ రెండో సంగతి మీ వారికి చెప్పండి. ఆసక్తి వెంట వెళ్ళడమూ పరీక్ష రాయడమూ ఒకే మనిషిలో ఇమిడిపోతాయి.

ఇక చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఈ ప్రశ్న వచ్చినప్పుడు, ఇంట్లో చదువుకునే పిల్లలకు ఈ చట్టం అడ్డు కాదని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అలాగని ఇంటి చదువుకు ప్రత్యేకంగా గుర్తింపు ఇచ్చే ఏర్పాటు కూడా మన దేశంలో లేదు. అంటే మిమ్మల్ని జైల్లో పెట్టరు, అలాగని సర్టిఫికెట్టూ ఇవ్వరు. ఆ సర్టిఫికెట్టును ఆ తర్వాత పరీక్ష రాసి సంపాదించుకోవాలి.

అదే చట్టంలో మీకు పనికివచ్చే మరో సెక్షన్ ఉంది, నాలుగోది. బడి మానేసిన పిల్లలు తిరిగి వస్తే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అది చెబుతుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని కూడా చట్టంలో ఉంది. అయినా మీరు మాన్పించే రోజునే టీసీ, మార్కుల రికార్డు చేతికి తీసుకోండి. పుట్టినతేదీ ధృవపత్రం, ఆధార్‌లో పేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మూడేళ్ళ తర్వాత పరీక్ష ఫారం నింపేటప్పుడు ఒక్క అక్షరం తేడా ఎంత ఏడిపిస్తుందో నాకు తెలుసు.

పదో తరగతికి మీకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. రెండోది ఎన్.ఐ.ఓ.ఎస్., అంటే 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. రెండింటిలోనూ పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండాలి. కింది తరగతుల సర్టిఫికెట్టు లేదని ఆపరు. ఎన్.ఐ.ఓ.ఎస్.లో ఐదు సబ్జెక్టులు చాలు, వాటిలో ఒకటైనా భాష ఉండాలి. తెలుగు తీసుకోవచ్చు. చిత్రలేఖనం కూడా ఒక సబ్జెక్టుగా ఉంది, మీ పాపకు చెబితే సంతోషిస్తుంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. ఒకేసారి అన్నీ రాయనక్కరలేదు, పాసైన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. లెక్కలు, సైన్సు లేకుండా ఐదు సబ్జెక్టులు ఎంచుకుని సులువుగా గట్టెక్కవచ్చు. అలా చేయకండి. పదో తరగతిలో లెక్కలు లేకపోతే పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు అర్హత ఉండదు. పురుగుల మీద ఇంత ప్రాణం పెట్టే పిల్లకు సైన్సు లేకుండా ఎలా? పద్నాలుగేళ్ళ వయసులో సులువు కోసం మూసుకున్న తలుపును పద్దెనిమిదేళ్ళకు తెరవడం కష్టం. ఇంకో తలుపు కూడా మూసుకుంటుందని ముందే తెలుసుకోండి. నవోదయలో తొమ్మిదో తరగతి సీటు కోసం పరీక్ష రాయాలంటే పాప అప్పటికి గుర్తింపు ఉన్న బడిలో ఎనిమిది చదువుతూ ఉండాలి. మీ మనసులో అలాంటి ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి.

ఇక నాకు ఇష్టమైన చోటికి, మీ కరివేపాకు చెట్టు దగ్గరకు వస్తాను.

కరివేపాకు మీద పెరిగే ఆ గొంగళిపురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పాప ఈపాటికే గమనించి ఉంటుంది. దాన్ని పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొనల ఎర్రటి కొమ్ములాంటిది బయటికి తీస్తుంది, ఒక ఘాటైన వాసన వస్తుంది. నిమ్మచెట్టు మీద కూడా ఇవే జాతులు పెరుగుతాయి. పాపను ‘నిమ్మకూ కరివేపాకుకూ చుట్టరికం ఏమిటి?’ అని అడగండి. మీరు జవాబు చెప్పకండి. రెండు ఆకులనూ నలిపి వాసన చూడమనండి. ఆ రెండు చెట్లూ ఒకే కుటుంబానివని తను పుస్తకంలో వెతికి తెలుసుకున్న రోజున, మొక్కల వర్గీకరణ అనే పాఠం దానంతట అదే మొదలవుతుంది.

గుడ్డు నుంచి సీతాకోకచిలుక ఎగిరేదాకా దాదాపు నెల పడుతుంది. ఆ నెల రోజులూ పాప రోజూ దారంతో పురుగు పొడవు కొలిచి, స్కేలు మీద పెట్టి, మిల్లీమీటర్లలో రాసుకుని, గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే అది లెక్కల పాఠం. పది గుడ్లలో ఎన్ని పురుగులయ్యాయి, ఎన్నింటిని చీమలో పిట్టలో తినేశాయి అని రాసుకుంటే భిన్నాలూ శాతాలూ వస్తాయి. చూసినదాన్ని చూడని మనిషికి అర్థమయ్యేలా రాయడం భాష. పేరు తెలుసుకోవాలంటే ఇంగ్లీషు చదవక తప్పదు, ఆ అవసరమే ఇంగ్లీషు నేర్పుతుంది. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఫొటో పెడితే తెలిసినవాళ్ళు జాతి పేరు చెబుతారు. పాప చిన్నది కాబట్టి ఖాతా మీ పేరు మీద తెరిచి, మీరు పక్కన కూర్చుని చూపించండి.

పెరడు దాటితే మీ ఊరే పెద్ద బడి. హంటర్ రోడ్డులో జంతు ప్రదర్శనశాల ఉంది, ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. వేయి స్తంభాల గుడి 1163లో కట్టినది. దాని రాతి మీద చెక్కిన లతలనూ హంసలనూ మీ పాప ఒక పూటంతా కూర్చుని గీస్తుంది. కొత్తవాడలో డర్రీలు, అంటే జంపఖానాలు, నేసేవాళ్ళు ఉన్నారు. ఆ డర్రీలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మగ్గం మీద ఒక పూవు పడాలంటే ఎన్ని పోగులు లెక్కపెట్టాలో అడిగి తెలుసుకోమనండి. మీరు కూడా దర్జీ పని చేస్తారు కదా. ఒక లంగాకు ఎన్ని కుచ్చిళ్ళు, ఎంత గుడ్డ అని మీరు రోజూ వేసే లెక్కను చేతిలో టేపు పెట్టి పాప చేత వేయించండి. మీకు తెలిసినది చిన్నదని అనుకోకండి.

ఇదంతా చదివి, ఆసక్తి ఉంటే చాలు, అన్నీ వాటంతట అవే వస్తాయని అనుకోవద్దు. నేను అలాగే అనుకుని పొరపాటు చేశాను. మా అబ్బాయికి పదకొండో ఏట సైకిల్ పిచ్చి పట్టింది. వీధి చివర రిపేరు షాపులోనే ఉండేవాడు. నేను లెక్కల పంతులమ్మను, అయినా ‘వాడు అడిగినప్పుడు చెబుదాం’ అని రెండేళ్ళు లెక్కలు వదిలేశాను. వాడు అడగలేదు. పదమూడో ఏట ఓపెన్ స్కూల్ పుస్తకం తెరిస్తే భిన్నాల భాగహారం రాక ఏడ్చాడు. ఆ ఏడుపుకు కారణం నేను. తర్వాత ఇద్దరం సైకిల్ ముందు కూర్చున్నాం. పెడల్ దగ్గర పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది? రెండున్నరకు కాస్త తక్కువ. నిష్పత్తి అక్కడ అర్థమైంది. కానీ ఆ ప్రశ్న వాడు పదకొండో ఏట సైకిల్ ముందు కూర్చున్నప్పుడే నేను అడగవలసింది. పిల్లలు దేని దగ్గర కూర్చున్నారో చూసి, అక్కడికి సరైన ప్రశ్నను తీసుకెళ్ళడం పెద్దవాళ్ళ పని. ఈ పద్ధతిలో తల్లికి పని తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కనీసం రెండింతలు అవుతుంది.

నా ఒక్కదాని అనుభవమే కాదు. కెనడాలో సాండ్రా మార్టిన్-చాంగ్, ఆమెతో పనిచేసినవారు 2011లో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. 37 మంది ఇంట్లో చదివే పిల్లలనూ 37 మంది బడి పిల్లలనూ పోల్చారు. ఇంట్లో ఒక క్రమం ప్రకారం చదివినవాళ్ళు బడి పిల్లలకంటే మెరుగ్గా చేశారు. ఏ క్రమమూ లేకుండా నేర్చుకున్న 12 మంది మాత్రం అందరికంటే వెనకబడ్డారు. చిన్న సంఖ్యే, చిన్న వయసు పిల్లలే, దాన్ని బట్టి తీర్పు చెప్పలేం. మరోవైపు అమెరికాలో పీటర్ గ్రే, జీనా రైలీ ఇలా పెరిగి పెద్దవాళ్ళైన 75 మందిని అడిగితే ఎక్కువమంది సంతృప్తిగా ఉన్నామన్నారు, చాలామంది తర్వాత పైచదువులకు కూడా వెళ్ళారు. వాళ్ళు తమంతట తాము ముందుకు వచ్చి జవాబు చెప్పినవాళ్ళు కాబట్టి దీన్నీ తూచి చూడాలి. నాకు అందులో ముఖ్యంగా కనిపించింది, ఇలా పెరిగినందుకు బాధపడిన ముగ్గురి మాట. వాళ్ళు నలుగురికీ దూరంగా, ఒంటరిగా పెరిగినవాళ్ళు. ఇల్లు సరిగా లేదు, ఇంట్లో ఉండాలా వద్దా అనే ఎంపిక వాళ్ళ చేతిలో లేదు.

అందుకే నేను చెప్పేది ఇది. రోజూ పొద్దున ఒక గంట లెక్కలకూ చదవడం రాయడానికీ కేటాయించండి. ఆ గంట ఎప్పుడో పాపే నిర్ణయించాలి, కానీ నిర్ణయించాక తప్పకూడదు. స్వేచ్ఛకు ఇది విరుద్ధమని ఈ పద్ధతిని గట్టిగా నమ్మేవాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. మిగతా రోజంతా తనదే. మొదటి రెండు నెలలు మాత్రం ఈ గంట కూడా వద్దు, పాపను నిద్రపోనివ్వండి, విసుగెత్తనివ్వండి. బడి భయం ఒంట్లోంచి దిగడానికి ఆమాత్రం సమయం కావాలి. ఫోను సంగతి వేరు. చూస్తూనే ఉండేలా తయారుచేసిన వీడియోలను పిల్ల ఆసక్తి అనడం పొరపాటు. దానికి హద్దు పెట్టండి, ఆ హద్దు పెద్దవాళ్ళకూ వర్తించాలి.

ఇప్పుడు మీ అత్తమ్మ మాట. అమ్మా, ఆమె కన్నీళ్ళను కొట్టిపారేయకండి. ‘ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం’ అంటే ఏమిటో ఆమె తరానికి తెలిసినట్టు మనకు తెలియదు. చదువు మాన్పించి, తమ్ముళ్ళను ఎత్తుకోమని, అంట్లు తోమమని, ఆ వెంటనే పెళ్ళి. ఆమె స్నేహితులో, అక్కచెల్లెళ్ళో, బహుశా ఆమె కూడా, ఆ దారిలోనే వెళ్ళి ఉంటారు. మనవరాలికి అదే జరుగుతుందేమోనని ఆమె భయం. ఆ భయం మీకు కూడా ఉండాలి. ఎందుకంటే ఇంట్లో ఉన్న ఆడపిల్ల మీద పని ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు. మీ మిషను మీద పండగ ఆర్డర్లు పేరుకున్న రోజున ‘కాస్త అన్నం పెట్టేయమ్మా’ అంటారు. మర్నాడు మళ్ళీ అంటారు. నెల తిరిగేసరికి అది పాప పని అయిపోతుంది. కాబట్టి ఈ ఒక్క నియమం కాగితం మీద రాసి గోడకు అంటించండి: తమ్ముడు చేయని ఏ ఇంటి పనీ, ఇంట్లో ఉంటోందన్న కారణంతో అక్క చేయదు. అత్తమ్మ చేతనే ఆ కాపలా కాయించండి. ఆమె కంటే బాగా ఎవరూ కాయలేరు.

ఇంకొకటి, పాప రోజూ గుమ్మం దాటాలి. సైకిల్ నేర్చుకోవాలి. గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వ కార్డు తన పేరు మీద తీసుకోవాలి. సాయంత్రం తోటి పిల్లలతో ఆడాలి. పాత బడి స్నేహితురాళ్ళలో ఒకరిద్దరిని వారానికోసారి ఇంటికి పిలవండి. పదకొండేళ్ళ నుంచి పదిహేనేళ్ళ మధ్య ఆడపిల్లకు స్నేహితులు లేకపోవడం చదువు లేకపోవడం కంటే తక్కువ నష్టం కాదు. ఈ ఏర్పాటు చేయలేమని మీకు అనిపిస్తే, నిజంగా చెబుతున్నాను, ఇంటి చదువు వద్దు. మంచి బడి వెతకండి.

మీ వారితో వాదించకండి. ఆయన అడిగేది సరైన ప్రశ్న. దుకాణం నడిపే మనిషికి లెక్క చూపిస్తే అర్థమవుతుంది. ‘జీవితమంతా కాదు, ఒక్క విద్యా సంవత్సరం. జూన్ నుంచి వచ్చే ఏప్రిల్ దాకా. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి కూర్చుని చూద్దాం. నచ్చకపోతే వచ్చే జూన్‌లో ఎనిమిదో తరగతిలో చేర్పిద్దాం’ అని చెప్పండి. ఏడో తరగతి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు కొని ఇంట్లో పెట్టండి, తిరిగి వెళ్ళవలసి వస్తే ఎక్కడ ఉన్నారో తెలుస్తుంది. రోజూ రాత్రి ఒక నోటుబుక్కులో తేదీ వేసి నాలుగు వాక్యాలు రాయండి: పాప ఏం చూసింది, ఏం అడిగింది, ఏం చదివింది, ఎక్కడ ఆగిపోయింది. ఆ చివరిది తప్పక రాయాలి. నేను రాయనిది అదే. ఆయనను కూడా ఇందులోకి లాగండి. స్విచ్చులూ వైర్లూ ఆయన చేతిలో ఉన్న విద్య. వారానికి ఒక సాయంత్రం పాప దుకాణంలో కూర్చుని బల్బు, బ్యాటరీ, వైరుతో సర్క్యూట్ కట్టడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. తండ్రి పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయిన ఇళ్ళలో ఈ పని తల్లి మీద మోయలేని బరువైపోతుంది.

బాబును బడికి పోనివ్వండి. వాడికి ఇష్టం. అక్క ఇంట్లో ఉంటే ‘నేనూ ఉంటాను’ అని నాలుగు రోజులు మారాం చేయవచ్చు. నాలుగు వారాలు అదే మాట మీద ఉంటే అప్పుడు ఆలోచించండి. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకేలా చదవాలని ఏమీ లేదు. పాపకు కూడా, ఎప్పుడైనా, ఏడాది మధ్యలోనైనా, ‘నాకు మళ్ళీ బడికి వెళ్ళాలని ఉంది’ అనే హక్కు ఉందని మొదటి రోజే చెప్పండి. అలా అన్న రోజున మీరు ఓడిపోయినట్టు మొహం పెట్టకండి.

తెలుగులో మంచి పిల్లల పుస్తకాలకు సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వారి జాబితా తెప్పించుకోండి. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం చూపించే అరవింద్ గుప్తా గారి వీడియోలు కూడా పాపతో కలిసి చూడండి, చూశాక తప్పకుండా ఒకటి చేయండి.

దసరా సెలవుల్లో నోటుబుక్కు తీసి ఇంట్లో అందరూ కలిసి చదివాక నాకు మళ్ళీ రాయండి. పాప ఒప్పుకుంటే తను వేసిన గొంగళిపురుగు బొమ్మ ఒకటి, కింద తేదీ, పొడవు ఎన్ని మిల్లీమీటర్లో రాసి, ఉత్తరంతో పాటు పంపండి.